పెళ్లిచూపుల్లో వర్గ విశ్లేషణ

ఆ రోజుల్లో విప్లవం వస్తుందా రాదా అన్న అనుమానం మాలో ఎవరికీ లేదు. వస్తుంది. తొలకరి వచ్చినంత ఖాయంగా వస్తుంది. ఎటొచ్చీ ఒక్క దశలో వస్తుందా, రెండు దశల్లో వస్తుందా అన్నదొక్కటే తేలాల్సి ఉంది. అది తేలేలోగా ఉద్యోగాలు చేసుకుంటూ, అద్దె గదుల్లో ఉంటూ, సాయంత్రాలు టీ తాగుతూ వాదించుకునేవాళ్లం. (తొలకరి కూడా కొన్నేళ్లు మొహం చాటేస్తుందని అప్పట్లో మాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాళ్లం కాదు.) నాకు ఆ వయసు నుంచీ రోజూ డైరీ రాసే అలవాటు. ఆ డైరీలన్నీ ఇప్పుడు మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో, మా అమ్మాయి ఇంటి గరాజులో, ఏడాది ప్రకారం వరసగా సర్ది ఉన్నాయి. అయితే ఇప్పుడు చెప్పబోయే సంగతికి డైరీ తియ్యాల్సిన పని పెద్దగా లేదు. అది మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉండే సంగతి.

ఈసారి ఎత్తడానికి కారణం మా మనవరాలు. యూనీలో, అంటే యూనివర్సిటీలో, రెండో ఏడాది చదువుతోంది, రాజకీయ శాస్త్రం. మొన్న శనివారం పొద్దున నా దగ్గరికొచ్చి, "తాతా, ఈ ఆర్వో నువ్వు ఫ్రీయేనా?" అంది. ఆర్వో అంటే ఇక్కడ మధ్యాహ్నం. రిటైరైన మనిషికి మధ్యాహ్నాలన్నీ ఖాళీయే, అయినా పద్ధతి ప్రకారం గోడ మీది క్యాలెండర్ చూసి, ఫ్రీయేనన్నాను.

"మా యూనీలో ఎస్సే ఇచ్చారు. ఒకప్పుడు కాలనీగా ఉన్న కంట్రీకి ఇండిపెండెన్స్ వచ్చాక అక్కడ ఉన్నది క్యాపిటలిజమా, సెమీ-ఫ్యూడలిజమా, రెవల్యూషన్ ఎలా రావాలని మార్క్సిస్టులు అన్నారు, ఇదీ టాపిక్. ఐ డిడ్ ఆల్ ద రీడింగ్స్, తాతా. బట్ దే జస్ట్ కీప్ ఫైటింగ్ విత్ ఈచ్ అదర్."

"అయితే రీడింగులు సరైనవే ఇచ్చారు" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "మీ తాతనే అడుగు. మా నాన్న వాటిల్లో ఏ రకమో తేల్చడానికి పెళ్లిచూపులకి ఇద్దర్ని వెంటేసుకుని వచ్చిన మనిషి."

"వాట్?" అంటూ మనవరాలు ల్యాప్‌టాప్ మూసేసింది. రీడింగులు చదివినంతసేపూ తెరిచి ఉంచినదాన్ని నేను నోరు తెరవబోయేసరికి మూసిందంటే, దాన్ని నేను గౌరవంగానే లెక్క వేసుకున్నాను.

నేనప్పుడు తెనాలి పక్కన ఒక చిన్న టౌనులో కాలవల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్ని. గీత వంకరపోకూడదు, కొలత తప్పకూడదు, సిరా మరక పడకూడదు. ఉద్యోగం అలాంటిది, మనిషినీ అలాంటివాణ్నే. సాయంత్రం ఆరు కొట్టగానే సైకిల్ షాపు మేడ మీద మా అధ్యయన బృందం చేరేది. అందులో అసలైనవాళ్లు ఇద్దరు. ఒకాయన కాలేజీలో చరిత్ర చెప్పేవాడు. ఏ ప్రశ్న వేసినా కళ్లు మూసుకుని, వేళ్ల మీద ఏదో లెక్క కట్టి, పంచాంగం చూసి ముహూర్తం చెప్పినట్టు తీర్పు చెప్పేవాడు కాబట్టి ఆయన్ని సిద్ధాంతి అనేవాళ్లం. రెండో ఆయన కరెంటు ఆఫీసు గుమాస్తా. ఏ విషయం మీద చర్చ మొదలైనా కాసేపట్లో దాంట్లోకి ట్రాక్టరుని తోలుకొచ్చేవాడు కాబట్టి ఆయన ట్రాక్టర్. నన్ను డైరీ అనేవాళ్లు. మిగతా నలుగురైదుగురూ ఎవరి పక్కన చోటు దొరికితే ఆ రోజుకి వాళ్ల పక్షం.

ఈ ఇద్దరి తగువు ఏమిటో మా మనవరాలికి చెప్పినట్టే మీకూ చెప్తాను, ఎందుకంటే తర్వాత జరిగిందంతా దాని మీదే నడిచింది. సిద్ధాంతి ప్రకారం తెల్లదొర ఓడెక్కి వెళ్లిపోయినా ఊళ్లో భూస్వామి ఎక్కడివాడక్కడే ఉన్నాడు. తాను నాగలి ముట్టడు, పొలం కౌలుకిస్తాడు, గట్టు మీద గొడుగు కింద నిలబడి గింజలు కొలిపించుకుంటాడు. కాబట్టి దేశం ఇంకా సగం భూస్వామ్యంలోనే ఉంది. ముందు ఆ భూస్వామి పని పట్టాలి, ఆ పనిలో పేద రైతే కాదు, కూలీల్ని పెట్టి సొంతంగా సాగు చేసుకునే పెద్ద రైతు కూడా మనతో కలిసొస్తాడు. అది మొదటి దశ. కూలీల రాజ్యం రెండో దశ. ట్రాక్టర్ దీన్ని చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. "భూస్వామి ఎప్పుడో పోయాడు, మిగిలింది గొడుగే. ట్రాక్టరొచ్చింది, రోజు కూలీ వచ్చింది, ధాన్యం లారీ ఎక్కి మార్కెట్టుకి పోతోంది. ఇది పెట్టుబడిదారీ విధానం కాకపోతే మా అత్తగారి వడియాలా? మీరు మిత్రుడంటున్న ఆ పెద్ద రైతే అసలు శత్రువు. ఒకే దశ, ఒకే దెబ్బ" అనేవాడు. ఒకరికి మిత్రుడు ఇంకొకరికి శత్రువు. ఒకరికి శత్రువు ఇంకొకరికి శవం. నేను ఇద్దరివీ శ్రద్ధగా విని, ఇద్దరిదీ నిజమేననుకుని గదికి వెళ్లి డైరీ రాసుకుని పడుకునేవాణ్ని.

ఇంతలో నాకు సంబంధం వచ్చింది. అమ్మాయిది ఆరు మైళ్ల దూరంలో పల్లెటూరు, బీఎస్సీ పూర్తయింది. మా అమ్మ ఆ పిల్ల ఫొటో చూపించబోతే, అక్కర్లేదమ్మా చూశాను అన్నాను. నిజంగానే చూశాను, టౌను లైబ్రరీలో, చాలాసార్లు. మాట్లాడలేదు. ఆ అమ్మాయి పేపరు చదవడం అయిపోయాక మడత చెడకుండా, పేజీలు అటూ ఇటూ కాకుండా, మొదటి పేజీ పైకి వచ్చేలా సర్ది బల్ల మీద పెట్టేది. పబ్లిక్ లైబ్రరీలో అలాంటి మనిషిని నేను అంతవరకు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. కొందరు కళ్లు చూసి మనసు పారేసుకుంటారట. నేను ఆ మడత చూసి పారేసుకున్నాను.

కానీ మా బృందంలో ఒక కట్టుబాటు ఉండేది. సభ్యుడి పెళ్లికి బృందం ఆమోదం కావాలి. కులం అడగం, కట్నం ఊసే ఎత్తం, జాతకాలు చూస్తే వెలివేస్తాం, అయితే వర్గం మాత్రం చూడాలి. శత్రువర్గంతో వియ్యం పనికిరాదు. (మా అమ్మ దీన్ని విని, "మీకంటే మా శాస్త్రులుగారే నయం రా, దోషం ఉందని చెప్పి దానికి శాంతి కూడా చెప్తాడు" అంది.) నేను బృందానికి నివేదించాను: పిల్ల తండ్రికి కాలవ అవతల కొంత పొలముంది, అది కౌలుకిచ్చారు. కాలవ ఇవతల కొంత ఉంది, అది సొంత సాగు, కూలీలున్నారు, ట్రాక్టరు ఉంది. సిద్ధాంతి వేళ్లు లెక్క కట్టడం మొదలెట్టాయి. కాలవకి అవతల ఆయన లెక్కలో ఆ పెద్దమనిషి శత్రువు, ఇవతల మిత్రుడు. ట్రాక్టర్ లెక్కలో అవతల శవం, ఇవతల శత్రువు. నా పెళ్లి కాలవ మధ్యలో మునుగుతోంది.

వాళ్లు వద్దంటే బృందాన్నే వదిలెయ్యొచ్చుగా అని మనవరాలు అడిగింది. వదలడం అంత తేలిక కాదు. నాకు అన్నదమ్ములు లేరు. టైఫాయిడ్ వస్తే నా గదిలో ఉండి గంజి కాచి పోసింది సిద్ధాంతి. మా నాన్న పోయిన రోజు అందరికంటే ముందొచ్చి నా పక్కన నడిచింది ట్రాక్టర్. అలాంటివాళ్లు కాదంటే పెళ్లి పందిట్లో ఎవరి మొహం చూసి కూర్చోవాలి? అలాగని ఆ పేపరు మడతనీ వదులుకోలేను. చివరికి సిద్ధాంతే దారి చూపించాడు. "గదిలో కూర్చుని తేల్చేది కాదిది. ప్రత్యక్షంగా చూడాలి. పెళ్లిచూపులకి మేమిద్దరం వస్తాం. నువ్వు పిల్లని చూడు, మేము పిల్ల తండ్రిని చూస్తాం."

ఆదివారం మా అమ్మ, నేను, వాళ్లిద్దరూ బస్సు దిగాం. దారంతా మా అమ్మ కొంగు సర్దుకుంటూ, "పెళ్లిచూపులకి పేరంటాళ్లని తీసుకెళ్తారు గానీ ఇలా జప్తుకొచ్చే అమీనాల్ని వెంటబెట్టుకెళ్లడం నేనెక్కడా వినలేదురా" అని గొణుగుతూనే ఉంది. కాబోయే మామగారు గుమ్మంలోనే ఎదురయ్యారు. భారీ మనిషి, తెల్లపంచె, భుజాన తువ్వాలు, పక్క ఊరికి వినపడే గొంతు. "ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ పుచ్చుకోండి. మొహమాటపడితే మా ఆవిడ ఊరుకోదు, ఇంకో చెంబు తెస్తుంది" అన్నారు. మా అమ్మని, నన్ను వసారాలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. అమ్మాయి వచ్చి జంతికలు, కాఫీ ఇచ్చి చాప మీద కూర్చుంది. ఇప్పుడేదైనా అడగాలి కదా అని నేను గొంతు సవరించుకుంటున్నాను. అప్పటికే నా మిత్రులిద్దరూ కాఫీ గ్లాసులతో పెరట్లోకి చేరి, పెద్దాయన్ని మధ్యలో నిలబెట్టి పని మొదలెట్టేశారు. వసారాలోకి ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది.

"కౌలుకిచ్చింది ఏపాటి ఉంటుందండీ?" ఇది సిద్ధాంతి.

"కాలవ అవతల చెక్కంతా ఇచ్చేశానండి."

"కౌలు గింజల్లోనా, రొక్కమా?"

"ఆ ఏడు పంటని బట్టి. వాడికేది వీలైతే అది."

"ట్రాక్టరు మీ పొలానికేనా, బయటికి కూడా తిప్పుతారా?" ఇది ట్రాక్టర్, ఆ బండి బానెట్ మీద ఆప్యాయంగా చెయ్యి వేసి.

"అదను బట్టి తిప్పుతామండి. ఖాళీగా ఉంచి ఏం చేసుకుంటాం?"

"క్యాపిటలిజం" అన్నాడు ట్రాక్టర్, సిద్ధాంతి వైపు తిరిగి.

"పాలేరున్నాడాండీ?" అన్నాడు సిద్ధాంతి.

"ఉన్నాడు. వాళ్ల నాన్న మా నాన్న దగ్గర చేశాడు. వీడు మా ఇంట్లోనే పెరిగాడు."

"ఫ్యూడలిజం" అన్నాడు సిద్ధాంతి, నిట్టూర్చి.

"ఆ ట్రాక్టరు తోలేది వాడేనండి" అన్నారు పెద్దాయన, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

తాతల నాటి పాలేరు వచ్చి ట్రాక్టరు ఎక్కి కూర్చుంటే ఏమనాలో మా పుస్తకాల్లో లేదు. ముందుగా తేరుకున్నది ట్రాక్టర్. "గేదెలెన్నండీ? పాలు డెయిరీకి పోస్తారా, ఇంట్లోకేనా? ఈ మధ్య ఏదైనా ఈనిందా?" పాలు బయటికి అమ్మితే అది సరుకు ఉత్పత్తి, ఇంట్లో తాగితే కాదు. ఆ ప్రశ్న వెనక ఇంత శాస్త్రం ఉంది. అది మాకు తెలుసు. పెద్దాయనకి తెలియదు.

ఆయన మొహంలో రంగు మారింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తిన్నగా వసారాలోకి వచ్చి మా అమ్మ ఎదురుగా నిలబడ్డారు. "వదినగారూ, కట్నం అక్కర్లేదని మీరే కబురు చేశారు. మహారాజుల సంబంధం అనుకున్నాం. ఇప్పుడు మీవాళ్లు కౌలు ఎంత, ట్రాక్టరు ఎవరిది, గేదె ఈనిందా అని అడుగుతున్నారు. మనసులో ఏముందో తిన్నగా చెప్పేస్తే మేమూ తిన్నగానే చెప్తాం కదా."

మా అమ్మ బిత్తరపోయింది. చాప మీది అమ్మాయి లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "కట్నం వద్దన్నవాళ్లకి గొడ్లచావిట్లో లెక్కెందుకు నాన్నా? పంపించెయ్యండి" అంది. ఆ మాట అంటూ కూడా మా అమ్మ పక్కనున్న జంతికల పళ్లెం మీద మూత సరిగ్గా పెట్టింది. ఇంత పద్ధతైన మనిషి చేజారిపోతోంది, అదీ గేదె మూలాన.

ఇక నేను మాట్లాడక తప్పలేదు. "కట్నం కోసం కాదండీ, ప్రమాణపూర్తిగా కాదు" అన్నాను. "మీరు భూస్వామో పెట్టుబడిదారో తెలుసుకోవడానికండీ."

తలుపు వెనక అత్తగారి గాజుల చప్పుడు ఆగిపోయింది. మామగారు ఆ మాటని కాసేపు నాలుక మీద అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. తర్వాత చాలా నిదానంగా, వ్యవహారం తెలిసిన మనిషిలా అడిగారు: "ఏదైతే పిల్లని చేసుకుంటారు?"

"పెట్టుబడిదారైతే" అన్నాడు సిద్ధాంతి.

"భూస్వామైతే" అన్నాడు ట్రాక్టర్, అదే క్షణంలో.

"ముందు మీరిద్దరూ ఒక మాట మీదకి రండయ్యా" అన్నారు మామగారు. "ఆ మాటకి తగ్గట్టు పొలం నేను సర్దుకుంటాను."

దాంతో వాళ్లిద్దరూ అక్కడే, ఆ వసారాలోనే, చేతిలో ఖాళీ గ్లాసులతో తగువుకి దిగారు. రెండు దశలు, ఒక దశ, గొడుగు, లారీ, మళ్లీ మొదటికి. మా అమ్మ కొంగు మొహాన కప్పుకుంది. మామగారు ఒకరు మాట్లాడినప్పుడు అటు, ఇంకొకరు మాట్లాడినప్పుడు ఇటు తల ఊపుతూ ఇద్దరితోనూ ఏకీభవిస్తున్నారు. అమ్మాయి నా దగ్గరికొచ్చి, "వాళ్ల సంగతి సరే. మీరేమంటారు?" అని అడిగింది. అది నా జీవితంలో ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న. దానికి నేను చెప్పిన జవాబు: "నేను నోట్సు రాసేవాణ్నండి."

ఆమె నన్ను తేరిపార చూసింది. "మళ్లీ వచ్చేట్టయితే ఒక్కరే రండి. అడగాల్సినవి నాకూ ఉన్నాయి" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నది మాత్రం గరాజులోకి వెళ్లి చూసి మరీ చెప్తున్నాను: "కాఫీ బాగుంది. ఉత్పత్తి సంబంధాలు అస్పష్టం. అమ్మాయికి కోపం వచ్చింది. కోపం న్యాయమైనదే."

ఆ వారమంతా మేడ మీద ఒకటే రగడ. అంతర్జాతీయ పరిస్థితి అటకెక్కింది, అజెండాలో నా మామగారొక్కరే మిగిలారు. నేను మరుసటి ఆదివారం దాకా ఆగి, బృందాన్ని అడక్కుండా చేసిన మొదటి పనిగా, సైకిలెక్కి ఆ ఊరికి వెళ్లాను. అదే వసారా, అవే కుర్చీలు. మామగారు కాస్త దూరంలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. (పేపరు తిరగేసి పట్టుకున్నారని నేను గమనించాను, పైకి అనలేదు.) ఈసారి ప్రశ్నలు ఆమెవి.

"మీ గది ఎవరు ఊడుస్తారు?"

"ఓనరుగారి పనిమనిషండి."

"బట్టలు?"

"శనివారం ఇంటికి తీసుకెళ్తాను. మా అమ్మ ఉతుకుతుంది."

"మీ మీటింగుల్లో టీ ఎవరు పెడతారు?"

"కింద సైకిల్ షాపు ఆయన భార్య పంపిస్తుందండి."

"తాగిన గ్లాసులు?"

"ఆవిడే వచ్చి పట్టుకెళ్తుంది."

"ఆవిడ మీ మీటింగులో ఎప్పుడైనా కూర్చుందా?"

ఆ ప్రశ్న అంతవరకు మాకెవరికీ తట్టలేదు. ఆమె ఒక్కొక్క మాటా మడత పెట్టినట్టు చెప్పింది. "అయితే కష్టం ఇంకొకరిది, అనుభవించడం మీది. మీ లెక్క ప్రకారమే చూస్తే మీరు భూస్వామి. ఎటొచ్చీ భూమి ఒక్కటే లేదు."

తిరగేసిన పేపరు వెనక నుంచి ఒక నవ్వు, దాన్ని కప్పడానికి ఒక దగ్గు వినిపించాయి. నేను కొంచెం ఆలోచించుకున్నాను. ఎంత ఆలోచించినా ఆమె విశ్లేషణలో తప్పు దొరకలేదు. సిద్ధాంతి లెక్కకంటే బాగుంది, ట్రాక్టర్ లెక్కకంటే తేలిగ్గా అర్థమవుతోంది. "అలాగైతే మీరు నన్ను చేసుకోకూడదు కదండీ, శత్రువర్గం" అన్నాను, చాలా నిజాయితీగా.

"మా ఇంట్లో అంత పట్టింపు లేదు. మారే మనిషా కాదా అన్నదే చూస్తాం" అందామె.

నా ఎదురుగా స్టూలు మీద ఖాళీ కాఫీ గ్లాసుంది. దాని వైపు చూశాను. ఆమె కూడా దాని వైపే చూస్తోంది. లేచి, గ్లాసు పట్టుకుని, పెరట్లో చేతిపంపు దగ్గరికి నడిచాను. ఆ పదడుగుల నడక గురించి నాకిప్పటికీ కొంచెం గర్వంగానే ఉంటుంది. ఊరేగింపుల్లో చాలా దూరాలు నడిచాను గానీ అంత సూటిగా ఎక్కడికీ నడవలేదు. పంపు కొట్టడం, గ్లాసు పట్టుకోవడం రెండూ ఒక్క మనిషి ఎలా చేస్తాడో తెలియక సతమతమవుతుంటే వంటింటి గుమ్మంలోంచి అత్తగారు ఆ రోజు మొదటిసారి నోరు విప్పారు. "పీచు అక్కడ అరుగు మీదుంది బాబూ" అన్నారు. మామగారు పేపరు పారేసి, "అయ్యయ్యో, మీరెందుకు అల్లుడుగారూ" అంటూ పరుగెత్తుకొచ్చారు. అల్లుడుగారూ అన్నాక ఇక సంబంధం ఖాయమైందో లేదో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

బృందం తీర్పు కూడా ఆ వారమే వచ్చింది, రెండు తీర్పులుగా. పిల్ల తండ్రి ప్రధానంగా సొంత సాగుదారు, మిత్రుడు, కాబట్టి పెళ్లి చేసుకోవచ్చునని సిద్ధాంతి. పిల్ల తండ్రి ప్రధానంగా కౌలు మీద బతికే పాతకాలపు శేషం, ఆయన వల్ల హాని లేదు, కాబట్టి చేసుకోవచ్చునని ట్రాక్టర్. పెళ్లికి ఇద్దరూ ఒప్పుకున్నారు గానీ కారణం మీద ఒప్పుకోలేక బృందం నిలువునా చీలిపోయింది. నాకు తెలిసినంతలో ఒక రైతు పొలం మూలాన రెండుగా చీలిన విప్లవ సంఘం మాదొక్కటే. పెళ్లి రోజు ఇద్దరూ వచ్చి పందిట్లో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మామగారు నెయ్యి గిన్నె పట్టుకుని ఒక చివర, "ఈ ఏడాది మొత్తం సొంత సాగేనండి" అని చెప్పి వడ్డించారు, రెండో చివరికెళ్లి, "మొత్తం కౌలుకే ఇచ్చేస్తున్నానండి" అని వడ్డించారు. ఇద్దరూ తృప్తిగా తిన్నారు.

ఇదంతా విని మా మనవరాలు సోఫాలో పడి దొర్లింది. "తాతా, యూ గైస్ వర్ సో వియర్డ్" అని, వెంటనే, "అమ్మమ్మా, యూ ఆర్ ఎ లెజెండ్" అంది. ఒకే కథ మీద రెండు తీర్పులు మా ఇంట్లో మామూలే.

ఆ సాయంత్రమే పెరట్లో బార్బీ, అంటే నిప్పుల మీద కాల్చుకు తినే విందు, పెట్టుకున్నాం. కాల్చే పని మా అల్లుడిది. ట్రాక్టర్ వచ్చాడు. మెల్‌బోర్న్‌కి అటు చివర, క్లైడ్ నార్త్‌లో వాళ్ల అబ్బాయి దగ్గర ఉంటున్నాడు. నగరం ఈ కొస నుంచి ఆ కొసకి కారులో రావడమంటే మా కాలంలో తెనాలి నుంచి బెజవాడ వెళ్లి రావడం కంటే ఎక్కువే. మనిషి చిక్కిపోయాడు గానీ గొంతు అలాగే ఉంది. మనవరాలు ఫోను రికార్డింగు పెట్టి, "తాతా, మీ సైడ్ క్యాపిటలిజం కదా? నాకు కోట్ కావాలి" అని అడిగింది.

"కాదమ్మా" అన్నాడు ట్రాక్టర్. "దేశం సగం భూస్వామ్యంలోనే ఉండేది. భూస్వామి పోలేదు. విప్లవం రెండు దశల్లోనే రావాలి."

నేను నిర్ఘాంతపోయాను. "అదేంట్రా, అది సిద్ధాంతి మాట కదా. దాన్ని కొట్టెయ్యడానికే కదా నువ్వు జన్మంతా అరిచావు?"

"వాడు పోయాడుగా, డైరీ" అన్నాడు కాగితం ప్లేటులో మొక్కజొన్న కండె తిప్పుకుంటూ. "వాడి తరఫున ఎవడో ఒకడు మాట్లాడాలి కదా. నా తరఫున నువ్వు మాట్లాడు, వింటాను."

ఇంక చేసేదేముంది? నేను ట్రాక్టర్ల గురించి మాట్లాడాను. రోజు కూలీ, లారీ, మార్కెట్టు, అన్నీ వరసగా చెప్పాను. ఇన్నేళ్లూ విన్నవేగా, ఒక్కటీ మర్చిపోలేదు. ట్రాక్టర్ కళ్లు మూసుకుని, వేళ్ల మీద లెక్క కడుతూ, అచ్చం సిద్ధాంతిలాగే ప్రతి మాటనీ ఖండించాడు. అలా కాసేపు ఆ పెరట్లో మేం ముగ్గురం ఉన్నట్టే ఉంది. అల్లుడు పొగలోంచి తల పైకెత్తి, "అంకుల్, కెచప్ కావాలా?" అని అడిగాడు. ట్రాక్టర్ అతణ్ని పరీక్షగా చూశాడు. "నీకు ఆ పక్క వీధిలో ఇంకో ఇల్లుందటగా బాబూ, అద్దెకిచ్చావటగా?"

"అవునంకుల్. ఇన్వెస్ట్‌మెంట్ ప్రాపర్టీ."

"నెల జీతం, పైన అద్దె. కాలవకి ఇటూ అటూ" అని మనవరాలి వైపు తిరిగాడు. "మీ ముత్తాత ఎలా ఉండేవాడో చూస్తావా? ఇదిగో, పంచె బదులు నిక్కరు వేశాడు, అంతే."

అల్లుడికి ఏమీ అర్థం కాలేదు గానీ పెద్దవాళ్లు నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వాడు. మామగారు కూడా అంతే, అర్థమైనా కాకపోయినా అందరితో కలిసి నవ్వేవారు.

తర్వాత కాఫీలయ్యాయి. నేను మామూలు ప్రకారం లేచి అందరి గ్లాసులూ ఏరి సింకు దగ్గరికి వెళ్లాను. మా అమ్మాయి ఇంట్లో డిష్‌వాషర్ ఉంది, దాని పని అది చేస్తుంది, కానీ కాఫీ గ్లాసులు మాత్రం నావి. మా ఆవిడ పక్కన నిలబడి, కడిగినవాటిని ఒక్కొక్కటే దీపానికి అడ్డం పెట్టి చూసి, ఒకదాన్ని తిరిగి నా చేతికిచ్చింది. అడుగున చుక్క ఉందట.

మనవరాలు ఫోను పట్టుకుని అక్కడికీ వచ్చింది. "సో ఫైనల్లీ ఎవరు రైట్, అమ్మమ్మా? వన్ స్టేజా, టూ స్టేజెసా?"

"మా ఇంట్లో రెండు దశలే" అంది మా ఆవిడ. "మొదటి దశలో మీ తాత తన గ్లాసు తను కడుక్కున్నాడు. అందరి గ్లాసులూ కడగడం రెండో దశ. మధ్యలో చాలా ఏళ్లు పట్టింది."

పెరట్లోంచి ట్రాక్టర్, "చూశావా, సిద్ధాంతి చెప్పలేదూ?" అని అరిచాడు. ప్రపంచాన్ని మార్చడానికి బయల్దేరిన ఆ డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడు గుర్తొచ్చాడు. వంకర గీత పడని చేతుల్తో, ఇంటివాళ్లంతా చూస్తుండగా, చేతిపంపు ముందు గ్లాసు పట్టుకుని నీళ్లెలా కొట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు పాపం. వాణ్ని చూస్తే నవ్వొస్తుంది, కొంచెం బెంగగానూ ఉంటుంది. మనవరాలు తన గ్లాసు నా ముందు పెట్టి వెనక్కి తిరగబోయింది. విప్లవం గురించి ఎస్సే రాయాలి కదా, తొందరలో ఉంది.

"అమ్మడూ" అని పిలిచి, నేను సింకు ముందు నుంచి పక్కకి జరిగాను. "పీచు అక్కడుంది."